పెయింటు ఆరేదాకా

ఏసుపాదం అక్షరాలకి తలకట్లు ఆఖర్న పెడతాడు.

ఆటోనగర్‌లో లారీల మీద పేర్లు రాసేవాళ్ళు పాతికమంది ఉంటే ఈ వంకర అలవాటు ఇతనొక్కడికే ఉంది. ముందు సుద్ద రాసిన దారం లాగి కొట్టి గీతలు వేసుకుంటాడు. ఎడంచేతిలో కర్ర బాడీకి ఆనించి, దాని మీద కుడిచెయ్యి మోపి, మాట మొత్తం మొండి తలలతోనే రాసుకుంటూ పోతాడు. చివరి అక్షరం అయ్యాక నాలుగడుగులు వెనక్కేసి చూస్తాడు. అప్పుడు సన్న కుంచె తీసుకుని ఈ కొస నించి ఆ కొసకి టకటకా తలకట్లు పెట్టేస్తాడు. అప్పటిదాకా నిద్రమొహంతో ఉన్న మాట లేచి కూర్చుంటుంది.

కొత్తగా వచ్చిన లారీ ఓనర్లు మధ్యలో చూసి గుండెలు బాదుకుంటారు. "ఏందయ్యా ఈ రాత! మా అయ్య పేరు తప్పు రాశావు!" అని కేకలేస్తారు.

"ఆగండి సారూ, తలలు ఇంకా పెట్టలేదు," అంటాడు ఏసుపాదం కుంచె ఆపకుండానే. పాతికేళ్ళుగా ఇదే మాట.

ఆ బుధవారం పొద్దున ఉయ్యూరు చెరుకు లారీ ఒకదాని నుదుటి మీద ఇలాగే రాస్తున్నాడు. రోహిణి కార్తె. పదింటికే రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. షెడ్డు ఓనరు నబీ, లారీలకి బాడీలు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి, నిచ్చెన కింద నిలబడి పైకి చూసి ఇకిలించాడు.

"పాదం, దిగు. నీ చుట్టమొచ్చాడు."

"ఎవరు భాయ్?"

"మీ మాస్టారు. నీకు బల్ల ఆపినాయన."

ఏసుపాదం కుంచె చివర పెయింటు బొట్టు కట్టి జారబోయింది. చప్పున డబ్బా అంచుకి రాసేసుకున్నాడు.

బల్ల అంటే ప్రభువు బల్ల. నెలకోసారి, మొదటి ఆదివారం, మందిరంలో రొట్టె ముక్కా, చిన్న గ్లాసులో ద్రాక్షరసమూ ఇస్తారు. ఫలానా మనిషి ఈ సంఘంలో వాడు అనడానికి అంతకన్నా గుర్తు లేదు. అది ఆపేస్తే రావద్దని ఎవరూ అనరు. వచ్చి కూర్చోవచ్చు, పాడచ్చు, కానుక పెట్టెలో వెయ్యచ్చు. పళ్ళెం మాత్రం నీ మోకాళ్ళ ముందు నించి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఏసుపాదం ముందు నించి అలా ఏడుసార్లు వెళ్ళిపోయింది. మగవాళ్ళ వైపు పళ్ళెం పట్టుకు తిరిగేది సంఘ పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు సంజీవరావుగారే.

ఇంతకీ చేసిన నేరమేంటయ్యా అంటే, నుదుటి మీద ఎర్రటి చుక్క. మొన్న దసరాకి కంకిపాడు అచ్యుతరామారావుగారి కొత్త లారీకి ఇదే షెడ్డులో పూజ చేశారు. అక్షరాలు బాగా కుదిరాయని ఆయన మురిసిపోయి ఏసుపాదం భుజాల మీద కండువా కప్పాడు. అప్పటికి నంబరు ప్లేటు చుట్టూ ఎర్ర గీత లాగుతూ ఉన్న ఏసుపాదం, చెమట కళ్ళల్లోకి కారుతుంటే పెయింటు చేత్తోనే నుదురు తుడుచుకున్నాడు. సరిగ్గా ఆ గడియకే సంజీవరావుగారు స్కూటరు మీద రోడ్డున పోతూ లోపలికి చూశారు. పూలదండల లారీ, కండువా, కనుబొమల మధ్య ఎర్రగా చుక్క! ఇంకేం కావాలి? విశ్వాసి బొట్టు పెట్టుకుని పూజలో నిలబడ్డాడని కమిటీలో పెట్టారు. "పెయింటండీ మాస్టారూ," అన్నాడు ఏసుపాదం. "నా కళ్ళతో నేను చూశానయ్యా," అన్నారు మాస్టారు. ముప్పయ్యేళ్ళు బడి నడిపిన కళ్ళు మరి. సంఘం ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకుంటే బల్ల తిరిగి ఇస్తామన్నారు. ఏసుపాదం ఒప్పుకోలేదు. అలాగని మానెయ్యనూ లేదు.

నిచ్చెన దిగి లుంగీ దులుపుకుని బయటికొచ్చాడు.

"వందనాలండి మాస్టారూ."

"ఆ, వందనాలు," అన్నారు సంజీవరావుగారు. ఆయన పక్కన తెల్లటి పాత వ్యాను ఉంది, సంఘం కొత్తగా కొన్నది. ఆయన మొహం చూస్తే ఎవరి దగ్గరికి వస్తున్నదీ తెలియకుండా వచ్చినట్టే ఉంది. మంచి రైటరు ఎవరని ఆటోనగరంతా అడిగితే నలుగురూ ఈ షెడ్డే చూపించారట. ఆయన ఏసుపాదాన్ని వదిలేసి నబీతో మాట్లాడ్డం మొదలుపెట్టారు.

"రెండు పక్కలా సంఘం పేరు, ముందు అద్దం పైన 'యేసు రక్షకుడు' అని రాయించాలి సాయిబుగారూ. ఆదివారం ప్రతిష్ఠ. రేపటికల్లా అయిపోవాలి."

"రాసేది ఆయనండీ, ఆయన్నడగండి," అన్నాడు నబీ, ఏమీ ఎరగనట్టు.

మాస్టారు తల తిప్పక తప్పలేదు. "రేపటికవుద్దా?"

"ఏ రంగండీ?"

"ఎరుపే. రక్షణ గుర్తు ఎర్రగా ఉండాలి."

"అయితే శనివారం సాయంత్రమండి. తెలుపు మీద ఎరుపంటే రెండు పూతలు పడాలి. మొదటిది పూర్తిగా ఆరితే గానీ రెండోది వెయ్యకూడదు. తొందరపడితే పొట్టు లేచిపోద్ది."

"ఒక్కరోజులో ఆరదా ఇంత ఎండకి?"

"పైన ఆరినట్టే ఉంటదండి. లోపల ఆరదు."

సంజీవరావుగారు ఏదో అనబోయి, అక్కడ వినేవాళ్ళు పిల్లలు కాదని గుర్తొచ్చినట్టు నోరు మూసుకుని, వ్యాను తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

"నేనైతే ఆ తాళాలు కాలవలో పారేసేవాణ్ణి," అన్నాడు నబీ. "నీకు సిగ్గూ శరం లేవా? ఏడు నెలలు ఎంగిలాకులా పక్కన పెట్టారు నిన్ను!"

"బండేం చేసింది భాయ్ పాపం," అన్నాడు ఏసుపాదం. వ్యాను పక్కన గొంతుక్కూర్చుని, రేకు మీద దుమ్ము ఎంత మందంగా ఉందో వేలితో గీసి చూసుకుంటున్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పేసరికి సంపూర్ణమ్మ కుట్టుమిషను తొక్కడం ఆపేసింది. పేటలో సగంమంది ఆడవాళ్ళ జాకెట్లు ఆవిడే కుడుతుంది. చేతిలో మాస్టారి భార్య జాకెట్టే ఉంది, దాని గుండీలు కూడా ఇంకా కుట్టలేదు.

"నువ్వు రాస్తానన్నావా?"

"అన్నాను."

"ఊరికే?"

"చర్చి బండికి కూలేంటే!"

ఆవిడ జాకెట్టు మిషను మీద విసిరేసింది. "ఏమయ్యో, నాకర్థం కాక అడుగుతాను. నువ్వు వాళ్ళకి కావాలి, నీ చెయ్యి కావాలి, బల్ల దగ్గర మాత్రం అక్కర్లేదు! పోనీ ఆ 'తప్పయింది' అనే ముక్క అనేస్తే ఏం పోద్ది? గాల్లో కలిసిపోయే మాట. అందరూ ఆమేన్ అంటారు, నా తలవంపులు తీరతాయి."

"చెయ్యని తప్పు ఎట్టా ఒప్పుకోనే? అదీ మందిరంలో, బల్ల ముందు!"

"అయితే మానెయ్. కాలవకి అవతల రెండు చర్చిలున్నాయి. రమ్మని ఇద్దరు పాస్టర్లు కబురంపారు. వాళ్ళయినా నెత్తిన పెట్టుకుంటారు."

"ఈ మందిరం గోడలకి మా అమ్మ ఇటుకలు మోసింది సంపూర్ణం."

"మోసినావిడ పోయింది. మోయించుకున్నవాళ్ళు ఆవిడ కొడుకుని కూర్చోబెట్టారు వెనక చాప మీద!" ఆవిడ పైట చెంగుతో కళ్ళొత్తుకుంది. "నేను ఆ రొట్టె మింగేటప్పుడు ఎట్టా ఉంటదో నీకు తెలుసా? గొంతు దిగదు. నువ్వే కదా తీసుకోమన్నావు. తీసుకుంటున్నాను, నెలనెలా, దొంగసొత్తు మింగినట్టు."

ఏసుపాదానికి నొప్పి లేదని కాదు. పళ్ళెం దగ్గరికొచ్చేటప్పుడు ఆ గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. ఆ మోత దగ్గరవుతూ ఉంటే వినడం కష్టం. తన ముందు నించి పోయాక దూరమవుతుంది. అదింకా కష్టం. ఏడుసార్లూ అతను తల వంచలేదు, మొహం పక్కకి తిప్పలేదు. కానీ ఇంటికొచ్చాక అన్నం ముద్ద ఒక్కనాడూ సరిగ్గా మింగుడుపడలేదు.

"చూడు సంపూర్ణం," అన్నాడు చివరికి. "నేను లేచిపోయాననుకో, వాళ్ళకి సుఖం. తప్పయిందన్నాననుకో, ఇంకా సుఖం. నేను అక్కడే కూర్చుంటే ఎవరికీ సుఖం లేదు, నాక్కూడా. అయినా నెలకోసారి మాస్టారు పళ్ళెం పట్టుకుని నన్ను దాటాలి కదా. దాటినప్పుడల్లా ఆయనకి ఆ రోజు గుర్తుకు రావాలి కదా. వస్తే చాలు. మిగతాది దేవుడు చూసుకుంటాడు."

"పాస్టరయ్యగారు దీర్ఘశాంతం మీద ప్రసంగం చేసినప్పుడల్లా జనం నీ వంక చూస్తారు," అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. "నీది దీర్ఘశాంతం కాదయ్యా, దీర్ఘ మొండితనం!"

ఏసుపాదానికి నవ్వాగలేదు. నవ్వితే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. అయినా కంచంలో రెండో చేప ముక్క వేసింది.

గురువారమంతా వ్యాను కడగడానికీ, నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో రుద్దడానికీ సరిపోయింది. సాయంత్రానికి మొదటి పూత పడింది. శుక్రవారం మధ్యాహ్నం రెండో పూత ముగించి కుంచె కడుక్కుంటుంటే బయట స్కూటరు ఆగింది.

సంజీవరావుగారు గొడుగేసుకుని మరీ వచ్చారు. వ్యాను ముందు నిలబడి కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. చూసి నొసలు చిట్లించారు.

"ఇదేంటి? తలకట్లేవి? 'రక్షకుడు'లో ఒక్కదానికీ తలకట్టు లేదు! రెండో తరగతి పిల్లాడు కూడా ఇట్టా రాయడు."

"తలలు ఆఖర్న పెడతానండి. ఇది కాస్త పట్టుకోనివ్వండి."

"అదేం పద్ధతయ్యా?"

"మా గురువుగారు నేర్పిన పద్ధతండి. తలలు ఒక్క ఊపున పెడితే అన్నీ ఒక వరసలో ఉంటాయి."

మాస్టారికి ఆగడమంటే గిట్టదు. ముప్పయ్యేళ్ళు బళ్ళో ఆయన గంట కొట్టిస్తేనే పొద్దు గూకేది. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. రెండోసారి తిరిగొచ్చారు. "ఆరిందా?" అన్నారు.

"ఇంకా లేదండి."

మూడోసారి తిరిగి వచ్చి, "ఆరినట్టే ఉందయ్యా!" అంటూ మెరుస్తున్న 'క్ష' మీద వేలు పెట్టి నొక్కారు.

"అయ్యో, ముట్టుకోకండి మాస్టారూ!"

అప్పటికే వేలు ఎర్రబడింది. ఆయన చికాకుగా ఆ వేలు గొడుగు గుడ్డకి రాసుకున్నారు. సగమే పోయింది. షెడ్డులో గాలాడ్డం లేదు, ఆయన మొహం మీద చెమట ధారలు కడుతోంది. చెయ్యెత్తి కనుబొమల మధ్య ఒక్కసారి గట్టిగా తుడుచుకున్నారు.

ఏసుపాదం చేతిలో కుంచె అలాగే ఆగిపోయింది.

ముక్కుకి సూటిగా పైన, కుదురుగా, అర్ధరూపాయంత ఎర్రటి చుక్క! అద్దం ముందు కూర్చుని దిద్దుకున్నా అంత బాగా రాదు.

వెల్డింగు దగ్గరున్న నబీ అది చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మాస్టారు ఇదేమీ గమనించలేదు. "రేపు అయ్యగారిని పంపిస్తా, బండి ఇచ్చెయ్," అని గొడుగు మడిచి స్కూటరు వైపు నడిచారు.

నబీ ఒక్క గంతులో ఏసుపాదం పక్కకొచ్చి చెవిలో అన్నాడు. "చెప్పకు. అల్లా మీదొట్టు, చెప్పావంటే నీతో మాట్లాడను. అట్టాగే పోనీ. సెంటర్లో టీ కొట్టు దగ్గర మీ సంఘం వాళ్ళు పదిమంది ఉంటారు. ఆయన స్కూటరు ఆపి వాళ్ళతో ముచ్చట్లు చెప్పకుండా పోడు. చూడనీ, అందరూ కళ్ళారా చూడనీ!"

అబద్ధమెందుకు, ఏసుపాదానికి ఆ మాట తియ్యగానే ఉంది. టీ కొట్టూ, పదిమందీ, వాళ్ళ మొహాలూ అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కట్టాయి. ఏడు నెలల ఆదివారాలు ఒక్క పూటలో తీరిపోతాయి. తను నోరు మెదపక్కర్లేదు కూడా. ఊరికే నిలబడితే చాలు.

మాస్టారు స్కూటరు కిక్కు కొడుతున్నారు. ఒకటి, రెండు. మూడో కిక్కుకి అందుకునేట్టుంది.

ఏసుపాదం పాతగుడ్డ ముక్క తీసుకుని టర్పెంటైనులో ముంచి పిండాడు. "నీ కర్మ!" అన్నాడు నబీ వెనక నించి.

"మాస్టారూ, ఒక్క నిమిషం. కళ్ళు మూసుకోండి."

"ఎందుకు?"

"కంట్లో పడితే మండుద్దండి."

మాస్టారు తెల్లబోయి కళ్ళు మూసుకున్నారు. ఏసుపాదం ఎడంచెయ్యి ఆయన తల వెనక ఆనించి, పసిపిల్లాడి మొహం తుడిచినట్టు, మెల్లగా, పైనించి కిందికి తుడిచాడు. గుడ్డ మడత తిప్పి మళ్ళీ తుడిచాడు. ముసలాయన నుదుటి ముడతల్లోకి దిగిన రంగు అంత తేలిగ్గా రాలేదు. నాలుగోసారికి గానీ వదల్లేదు.

కళ్ళు తెరిచేసరికి సంజీవరావుగారికి మొదట కనపడింది ఆ గుడ్డ. దాని మీద ఎరుపు. ఆయన గుడ్డ వంక చూశారు. తన వేలి వంక చూసుకున్నారు. స్కూటరు అద్దంలోకి వంగి చూసుకున్నారు. కనుబొమల మధ్య ఇంకా లేత ఎరుపు మరక ఉంది.

ఆయన అలా వంగి చాలాసేపే ఉన్నారు.

ఇదిగో చూశారా అని ఏసుపాదం అనలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. "ఇంటికెళ్ళి సబ్బుతో కడుక్కోండి, వాసన కూడా పోద్ది," అన్నాడు.

"ఏసుపాదం..."

"అండీ?"

"ఏం లేదు." స్కూటరు ఒక్క కిక్కుకే అందుకుంది. టీ కొట్టున్న దారిన కాకుండా కాలవ కట్ట మీదుగా వెళ్ళిపోయారు.

"ఒక్క మాట! ఒక్క మాట అనలేకపోయావా?" నబీ నిజంగానే కోపంగా ఉన్నాడు. "పెయింటుకీ బొట్టుకీ తేడా ఇప్పుడు తెలిసిందా అని అడగొద్దూ?"

"అద్దంలో చూసుకున్నారుగా భాయ్. నేను చెప్పేదేముంది," అంటూ ఏసుపాదం వెళ్ళి, వేలిముద్ర పడ్డ 'క్ష'ని సరిచెయ్యడం మొదలుపెట్టాడు.

శనివారం సాయంత్రం వ్యాను కోసం ఇశ్రాయేలు పాస్టరుగారు వచ్చారు. పట్టుమని ముప్పయ్యేళ్ళు లేవు ఆయనకి. మాస్టారి బళ్ళోనే చదువుకున్నాడు గనక ఇప్పటికీ ఆయన ముందు కుర్చీ అంచునే కూర్చుంటాడు. తలకట్లు కూడా పెట్టేసిన అక్షరాలు చూసి మురిసిపోయాడు. వెళ్ళబోతూ వెనక్కొచ్చి ఏసుపాదం చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు మీకో మంచి కబురు. మాస్టారు రాత్రి కమిటీని పిలిచి మాట్లాడారు. రేపే మీకు బల్ల తిరిగి ఇస్తున్నాం."

"అయ్యగారూ!" అన్నాడు ఏసుపాదం.

ఇంట్లో పండగే అయింది. సంపూర్ణమ్మ అతని తెల్లచొక్కాకి నీలం పెట్టి ఆరేసింది, ఇస్త్రీకి ఇచ్చింది, తెచ్చాక నచ్చక తనే మళ్ళీ ఇత్తడి చెంబులో నిప్పులేసి రుద్దింది. ఎదురింటావిడకి చెప్పింది, పక్కింటావిడకి చెప్పింది. ఏసుపాదం దొడ్లో రాయి మీద కూర్చుని వేళ్ళ సందుల్లో ఎరుపుని కిరసనాయిలుతో తోమాడు. ఎంత తోమినా గోళ్ళ పక్కన ఉండిపోయింది.

"పోన్లే, అది నీ గుర్తు," అంది సంపూర్ణమ్మ. ఏడు నెలల్లో ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడ్డం అదే మొదలు.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. గుమ్మం ముందు పూలదండతో వ్యాను, దాని నుదుట ఎర్రటి అక్షరాలు, వచ్చినవాళ్ళంతా ఆగి చూసి లోపలికొస్తున్నారు. ఏసుపాదం తన అలవాటు చొప్పున మగవాళ్ళ వైపు ఆఖరి చాప మీద కూర్చున్నాడు. పాటలయ్యాయి, ప్రసంగమయింది. తెల్లగుడ్డ కప్పిన బల్ల ముందుకి పాస్టరుగారు వచ్చి, జేబులోంచి కాగితం తీశారు. మాస్టారి దస్తూరీ అని దూరం నించే తెలుస్తోంది.

"సంఘ సభ్యుడైన ఏసుపాదంగారు తన తప్పిదమును గ్రహించి పశ్చాత్తాపపడినందున, సంఘము ఆయనను క్షమించి, నేటి నుండి ప్రభువు బల్లలో పాలుపొందనిచ్చుచున్నది."

"ఆమేన్!" అంది మందిరం ఒక్క గొంతుతో. ఆడవాళ్ళ వైపు నించి సంపూర్ణమ్మ ముసుగు జారిపోతున్నా చూసుకోకుండా వెనక్కి తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

ఆ మొహం ఏసుపాదం చూశాడు. ఊరుకుంటే అయిపోతుంది. ఎవరో రాసిన కాగితం, తన నోటి మాట కూడా కాదు. ఊరుకుంటే సంపూర్ణం ఇవాళ రొట్టె హాయిగా మింగుతుంది. కూర్చునే ఉందామని ఒక్క క్షణం గట్టిగా అనుకున్నాడు. కానీ కాళ్ళు వినలేదు, లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక్క మాటండి." "నేను పశ్చాత్తాపపడలేదండి. పడే పని చెయ్యలేదు. క్షమించామన్నారు, మీ అందరికీ వందనాలు. కానీ అబద్ధం మీద నిలబడి బల్ల ముట్టుకోలేను. వచ్చే నెల కూడా ఇక్కడే కూర్చుంటాను. ఆపై నెల కూడా. నాకేం తొందర లేదండి. ఈ మందిరం వదిలి ఎక్కడికీ పోను."

చెప్పి కూర్చున్నాడు.

పాస్టరుగారు చేతిలో కాగితం మడిచారు. ఆయన మాస్టారి వైపు చూశారు. మాస్టారు నేల చూస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టి, రొట్టె విరిచి, పళ్ళాలు అందించారు.

ఆడవాళ్ళ వైపు పళ్ళెం వరసలు దాటుకుంటూ సంపూర్ణమ్మ దగ్గరికొచ్చింది. ఆవిడ మొహంలో ఇందాకటి వెలుగు లేదు. కోపముందో, ఏడుపుందో ఏసుపాదానికి ఇక్కణ్ణించి తెలియలేదు. ఆవిడ చెయ్యి చాపలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల తిన్నగా ఎత్తి కూర్చుంది. పళ్ళెం పట్టుకున్నావిడ కాసేపు చూసి, పక్కకి జరిగిపోయింది. ఏడు నెలలు దొంగసొత్తులా మింగిన మనిషి ఇవాళ మొగుడితో పాటు కూర్చుండిపోయింది. ఏసుపాదానికి కళ్ళు మసకలు కమ్మాయి. ఇన్నాళ్ళలో అతనికి మందిరంలో కన్నీళ్ళు రావడం ఇప్పుడే.

మగవాళ్ళ వైపు గ్లాసుల మోత దగ్గరవుతోంది. ముందు వరసలయ్యాయి, మధ్య వరసలయ్యాయి. ఆఖరి చాప దగ్గరికి సంజీవరావుగారి పాదాలొచ్చాయి. ఏసుపాదం ఎప్పటిలాగే తల ఎత్తి ఉంచాడు. పాదాలు జరగలేదు. గ్లాసుల మోత ఆగలేదు, ఎక్కువైంది.

"నేనొకటి చెప్పాలి," అన్నారు సంజీవరావుగారు. బళ్ళో వెనక బెంచీదాకా వినపడే గొంతు, ఇవాళ పక్కవాళ్ళకే సరిగ్గా వినపడలేదు. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ అన్నారు. "దసరానాడు నేను చూసింది బొట్టు కాదు. పెయింటు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"మొన్న శుక్రవారం నా నుదుటి మీద కూడా అదే పడింది. నేను చూసుకోలేదు. ఏసుపాదం తుడిచాడు. తుడిచి ఎవరికీ చెప్పలేదు. ఆ కాగితం రాసింది నేను. పశ్చాత్తాపమని రాశాను. ఆ మాట నా పేరు మీద రాయాల్సింది."

ఆయన ఆ పళ్ళెం తీసుకెళ్ళి పాస్టరుగారి చేతిలో పెట్టేశారు. తిరిగి తన కుర్చీకి వెళ్ళలేదు. మధ్య దారిలోంచి మెల్లగా వెనక్కి నడిచి, మోకాళ్ళ మీద చేతులు మోపుకుని, ఆఖరి చాప మీద ఏసుపాదం పక్కన చతికిలబడ్డారు. ఆయన మోకాళ్ళు పటపటలాడ్డం అందరికీ వినపడింది.

పాస్టరుగారు పళ్ళెంతో ఒంటరిగా నిలబడిపోయారు.

"ఏంటండీ ఇది, లేవండి మాస్టారూ," అన్నాడు ఏసుపాదం గాభరాగా.

"కూర్చోనీ. ఇక్కణ్ణించి ఎట్టా ఉంటదో నాకూ తెలియాలి." మొహం పక్కకి తిప్పకుండానే, చాలా తగ్గు గొంతుతో అడిగారు. "ఆరిందా ఏసుపాదం?"

ఏసుపాదానికి అర్థమయ్యింది. ఆయన అడుగుతున్నది వ్యాను సంగతి కాదు.

"ఎప్పుడో ఆరిందండి. ముట్టుకుని చూసినవాళ్ళే లేరు."

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ఏసుపాదం లేచి, ఆయన చంక కింద చెయ్యి వేసి లేపాడు. ఇద్దరూ మధ్య దారిలో నడిచారు. ఆడవాళ్ళ వైపు నించి సంపూర్ణమ్మ కూడా లేచింది, ముసుగు సర్దుకుంటూ, ఎవరూ పిలవకుండానే. ముగ్గురూ బల్ల ముందు నిలబడ్డారు.

పాస్టరుగారు పళ్ళెం ముందుకి చాపారు. ఏసుపాదం చెయ్యి చాపాడు. గోళ్ళ పక్కన ఎరుపు అలాగే ఉంది.

ఆ చేత్తోనే అందుకున్నాడు.